మరిచిపొమ్మంటే మరిచిపోతామా?

'అయిందేదో అయిపోయింది, ఇంక మరిచిపోవే తల్లీ!'

ఈ మాట వినపడని ఇల్లుంటుందా మన దగ్గర? యాక్సిడెంటులో భర్తని పోగొట్టుకున్న పిల్లకీ ఇదే మాట. స్టవ్ మంట లేచి ఒళ్లు కాలిన ఇల్లాలికీ ఇదే మాట. అనేవాళ్లు ప్రేమతోనే అంటారు, అందులో అనుమానం లేదు. కానీ మరిచిపోవడం అనేది మన చేతిలో ఉన్న పనేనా? పాలు పొంగుతున్నాయని స్టవ్ కట్టేసినట్టు జ్ఞాపకాన్ని కట్టేయగలమా?

దివిసీమవాళ్లని అడగండి, చెబుతారు. 1977 నవంబరు 19, శనివారం. తుపాను తీరం దాటుతుంటే సముద్రం మూడు నిలువుల ఎత్తున లేచి ఊళ్లమీద పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. జనం చెప్పుకునే లెక్క అంతకంటే ఎక్కువ. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో తెల్లారేసరికి ఏడవడానికి కూడా మనిషి మిగల్లేదు.

మా తోడికోడలి పుట్టింటివాళ్లది ఆ వైపే. వాళ్లమ్మగారిని నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఉప్పెన నాటికి ఆవిడకి పద్నాలుగేళ్లు. తమ్ముణ్ణి నీళ్లు తీసుకుపోయాయి. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మనవలొచ్చారు. ఇప్పుడుంటున్నది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. సముద్రం రమ్మన్నా అక్కడికి రాదు! అయినా వానాకాలంలో మునిసిపాలిటీవాళ్లు వీధిలో బ్లీచింగ్ పౌడరు చల్లారంటే ఆవిడ మొహం పాలిపోయేది. కిటికీలన్నీ మూసేసి లోపలి గదిలో గోడకి ఆనుకుని కూర్చునేవారు. ఉప్పెన తర్వాత శవాల మధ్య చల్లింది ఆ పౌడరే మరి. 'ఇదేం చాదస్తం అత్తయ్యా, చిన్నపిల్లలాగా!' అని మా బావగారు విసుక్కునేవారు.

విచిత్రం ఏమిటంటే, ఆ రాత్రి ఏం జరిగిందో వరసగా చెప్పమంటే ఆవిడ చెప్పలేకపోయేవారు. తాటిచెట్టు మీదకి ఎవరు లాగారో తెలియదు. ఎన్ని గంటలున్నారో తెలియదు. చేతికి తగిలిన గేదె కొమ్ము, ఎవరిదో పచ్చ చీర కొంగు, చెవుల్లో హోరు... అంతే. నేను కథలు రాసుకునేదాన్ని కనక నాకు ఒకటి తట్టింది. దీనికి ఎత్తుగడా లేదు, ముగింపూ లేదు. అన్నీ ముక్కలే. తర్వాత ఈ విషయం మీద దొరికినవన్నీ చదువుతుంటే అర్థమైంది, మెదడు గురించి డాక్టర్లు చెప్పేది కూడా ఇంచుమించు ఇదేనని.

బాదంగింజ, సముద్రపు గుర్రం

మన కణతల లోపల, రెండు పక్కలా, చిన్న బాదంగింజ లాంటి భాగం ఒకటుంది. దాని పేరు అమిగ్డలా. గ్రీకు భాషలో ఆ మాటకి అర్థం కూడా బాదమే. ప్రమాదాన్ని పసిగట్టి గంట కొట్టడం దాని పని. దాన్ని ఆనుకుని హిప్పోకాంపస్ అని ఇంకోటి ఉంటుంది. సముద్రపు గుర్రం అనే చేపలాగా వంకర తిరిగి ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఎక్కడ, ఎప్పుడు, ఏది ముందు, ఏది వెనక అని చిట్టా రాసుకునే గుమాస్తా ఇది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఇంటి పెద్దదిక్కు లాంటిది. 'ఆగు, కంగారు పడకు, ఏమిటో చూద్దాం' అనేది అదే.

మసక చీకట్లో పెరట్లోకి వెళ్లారు. కాలి దగ్గర ఏదో వంకరగా కనపడింది. కెవ్వుమని ఎగిరి గంతేశారు. తీరా చూస్తే బావి దగ్గరి తాడు! మన పెద్దలు వేదాంతం చెప్పడానికి వాడుకున్న ఈ తాడూ పామూ కథే మెదడు కథ కూడా. కంటికి కనపడ్డ సంగతి రెండు దారుల్లో వెళుతుందంటారు న్యూయార్క్ శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ. ఒకటి అడ్డదారి, సరాసరి అమిగ్డలాకి. ఇంకోటి చుట్టుదారి, ఆలోచించే భాగం మీదుగా. మనం గంతేసేది అడ్డదారి వార్తకి. నవ్వుకునేది చుట్టుదారి వార్త అందాక. పాము కాకపోతే పోయిందేమీ లేదు, పామైతే ప్రాణం దక్కుతుంది. కాబట్టి ఈ ఏర్పాటులో తప్పేమీ లేదు. గంట ఆగకుండా మోగుతూనే ఉంటేనే చిక్కు.

ఈ భయపు జ్ఞాపకం మామూలు జ్ఞాపకంతో సంబంధం లేకుండా కూడా బతుకుతుంది. స్విట్జర్లాండులో ఎడ్వార్డ్ క్లాపరేద్ అనే డాక్టరు 1911లో రాసిన సంగతి ఒకటి వినండి. ఆయన దగ్గర ఒక ఆడమనిషి ఉండేది. కొత్తగా ఏదీ గుర్తుండని జబ్బు. డాక్టరు రోజూ వస్తున్నా ప్రతిసారీ కొత్తమనిషి కింద లెక్కే. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని కరచాలనం చేశాడు. (పాపం, ఇప్పుడైతే ఇలాంటి పరీక్షలు ఒప్పుకోరు.) ఆ తర్వాత ఆయన చెయ్యి చాపితే ఆమె చటుక్కున వెనక్కి తీసుకుంది. ఎందుకంటే మాత్రం చెప్పలేకపోయింది. సూది గుచ్చుకున్న సంగతి ఆమెకి గుర్తులేదు. ఆమె చేతికి గుర్తుంది!

పిన్నిగారి ముక్కుకి బ్లీచింగ్ పౌడరు గుర్తున్నట్టే.

ఇంతకీ భయపు జ్ఞాపకం అంత గట్టిగా ఎందుకు అతుక్కుంటుంది? భయపడగానే ఒంట్లో ఎడ్రినలిన్ ఊరుతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, అన్నీ దాని పుణ్యమే. అమెరికాలో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా అనేవాళ్లు 1994లో ఒక పరీక్ష చేశారు. ఒక పిల్లవాడికి ఘోర ప్రమాదం జరిగిన కథ చెప్పారు. మామూలుగా విన్నవాళ్లకి ప్రమాదం భాగం బాగా గుర్తుంది. ఎడ్రినలిన్ పనిని అడ్డుకునే ప్రొప్రనలాల్ మాత్ర వేసుకుని విన్నవాళ్లకి ఆ భాగం కూడా మిగతా కథలాగే గుర్తుంది, ప్రత్యేకంగా అతుక్కోలేదు. అంటే 'ఇది ముఖ్యం, గట్టిగా రాసుకో' అని ముద్ర వేసేది ఒంట్లో ఊరే ఆ రసాయనమేనన్నమాట. భయం మరీ మితిమీరినప్పుడు చిట్టా రాసే గుమాస్తా తడబడతాడని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. వాసన, చప్పుడు, వణుకు చెక్కినట్టు మిగులుతాయి. తేదీ, వరస, చోటు కలగాపులగం అవుతాయి. తేదీ లేని జ్ఞాపకం అయిపోయిన సంగతిలా ఎలా అనిపిస్తుంది? అది ఇప్పుడే, ఇక్కడే జరుగుతున్నట్టుంటుంది. పాపం ఆ మనిషిని పట్టుకుని మనం 'అయిపోయింది కదా' అంటాం.

కొందరికే ఎందుకు?

1977లో దీనికొక పేరంటూ లేదు. అమెరికా సైకియాట్రీ సంఘం 1980లో తన పుస్తకంలో చేర్చాక పి.టి.ఎస్.డి. అనే పేరు వచ్చింది. పీడకలలు, ఆ దృశ్యమే కళ్లముందు ఆడటం, చిన్న చప్పుడుకి ఉలిక్కిపడటం, ఆ చోటుకి, ఆ మాటకి దూరంగా తప్పుకు తిరగడం, నా అనుకున్నవాళ్ల దగ్గర కూడా మనసు మొద్దుబారిపోవడం... ఇవన్నీ నెల దాటినా తగ్గకుండా, ఇంటిపని, ఉద్యోగం సాగనివ్వకపోతే దాన్ని జబ్బు కింద చూడాలి. మొదటి వారాల్లో ఇవి చాలామందికి ఉంటాయి, వాటంతటవే తగ్గుతాయి కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో నూటికి డెబ్బైమంది బతుకులో ఒక్కసారైనా ఇలాంటి ఘోరాన్ని చూస్తారు. వాళ్లలో ఈ జబ్బు దాకా వచ్చేది నూటికి ఆరుగురి లోపే. అందులో మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ. లైంగిక దాడికి గురైనవాళ్లలో మరీ ఎక్కువ. 'అదే వానలో మేమూ తడిశాం, మాకేం కాలేదే!' అని దెప్పేవాళ్లకి ఈ లెక్క చూపించి, ఇంకో సంగతి కూడా చెప్పండి. వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చి ఈ జబ్బుతో బాధపడుతున్న సైనికుల్లో హిప్పోకాంపస్ చిన్నదిగా ఉండటం గమనించారు. జబ్బువల్ల కుంచించుకుపోయిందా, ముందే చిన్నదా? తేల్చుకోడానికి కవలల్ని వెతికారు. ఒకడు యుద్ధానికెళ్లాడు, ఇంకొకడు ఇంటిపట్టునే ఉన్నాడు. 2002లో వచ్చిన ఆ పరిశోధనలో ఇంట్లో ఉన్న తమ్ముడికీ అది చిన్నదిగానే ఉంది! పుట్టుకతోనే కొందరికి ఆ మెత్తదనం ఉండచ్చన్నమాట. పొట్టివాణ్ణి పొడుగు పెరగలేదని తిడతామా? 'గుండె రాయి చేసుకో' అనడమూ అలాంటిదే.

పరామర్శకి వెళ్లేముందు

మరి మనసులో ఉన్నదంతా వెంటనే కక్కించేస్తే సరిపోదా? 'ఏడిస్తే బరువు తగ్గుతుంది, చెప్పమ్మా, ఎలా జరిగింది?' అని పరామర్శకొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. చాప మీద కూర్చున్న ఆ పిల్ల పొద్దుటినుంచీ పదిహేనోసారి మొదటినుంచి చెప్పుకొస్తుంది. నాకు ఈ ఆచారం ఎప్పుడూ మింగుడుపడేది కాదు.

ఇలాంటిదే పశ్చిమ దేశాల్లోనూ ఒక పద్ధతి ఉండేది. ప్రమాదం జరిగిన కొద్దిరోజుల్లోనే మనిషిని కూర్చోబెట్టి, ఒకే విడతలో అంతా చెప్పించడం. మంచిదేననుకున్నారు అందరూ. 1997లో వేల్స్‌లో ఒళ్లు కాలినవాళ్ల మీద చేసిన పరిశోధన అచ్చయింది. పదమూడు నెలల తర్వాత చూస్తే, అలా చెప్పించినవాళ్లలో నూటికి 26 మందికి పి.టి.ఎస్.డి. ఉంది, చెప్పించనివాళ్లలో 9 మందికే! చెప్పించినవాళ్లకి కాలిన గాయాలు మొదట్లోనే కాస్త ఎక్కువ అన్నమాట నిజమే. అయినా తర్వాత ఎందరు చూసినా ఆ పద్ధతివల్ల జబ్బు ఆగుతుందన్న రుజువు దొరకలేదు. ఇప్పుడు దాన్ని వద్దంటున్నారు.

చెప్పుకోవడం తప్పని కాదు. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నది ఆ మనిషి ఇష్టం కావాలి. మనం వెళ్లి ఏం చేయాలంటారా? అన్నం కేరేజీ తీసుకెళ్లండి. పిల్లల్ని స్కూలుకి పంపండి. ఇన్సూరెన్సు కాగితాలు, ఆధార్ కార్డు ఎక్కడున్నాయో వెతికిపెట్టండి. పక్కన ఊరికే కూర్చోండి. ఆమె నోరు విప్పితే వినండి, విప్పకపోతే అడక్కండి. ఇంకోమాట, నిద్రపట్టడం లేదంటే మెడికల్ షాపులో మత్తుమాత్రలు కొనిచ్చేయడం మనకి అలవాటు. ఘోరం జరిగిన మొదటి నెలలో ఆ రకం మాత్రలు వాడద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది.

తాయెత్తూ, అమ్మమ్మ ఒడీ

మన చిన్నప్పుడు పిల్లలు దడుసుకుంటే దిష్టి తీసేవాళ్లు, ఆంజనేయస్వామి తాయెత్తు కట్టేవాళ్లు. తాయెత్తు మాటెలా ఉన్నా, ఆ రాత్రి అమ్మమ్మ పక్కలో వేసుకుని వీపు నిమిరేది చూశారూ... అందులో మందుంది!

హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే ఆవిడా, రూత్ స్మిత్ అనే ఆవిడా నలభై ఏళ్ల వయసు వచ్చేదాకా కనిపెట్టి చూశారు. పేదరికం, తాగుబోతు తండ్రి, రోజూ కొట్లాటలు, ఇలాంటి ఇళ్లల్లో పుట్టిన పిల్లలు చెడిపోతారనే కదా అనుకుంటాం. వాళ్లలో మూడోవంతు మంది మాత్రం చక్కగా పెరిగారు, చదువుకున్నారు, కుదురైన సంసారాలు చేసుకున్నారు. ఏమిటా రహస్యం అని చూస్తే, వాళ్లందరికీ చిన్నప్పుడు గట్టిగా అంటిపెట్టుకుని ఉన్న పెద్దమనిషి కనీసం ఒకరున్నారు. తల్లో తండ్రో కానక్కర్లేదు. అమ్మమ్మో, అక్కో, పక్కింటావిడో, టీచరో. పైగా ఆ పిల్లలకి ఇంట్లో ఏదో ఒక బాధ్యత ఉండేది, తమ్ముణ్ణి చూసుకోవడం లాంటిది. తనవల్ల ఒకరికి ఉపయోగం ఉందన్న నమ్మకం అక్కణ్ణించి వచ్చింది. ఆవిడ పుస్తకాల్లో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. పద్దెనిమిదేళ్లకి దారితప్పిన పిల్లల్లో కూడా చాలామంది ముప్పయ్యో నలభయ్యో వచ్చేసరికి నిలదొక్కుకున్నారు. రెండోసారి చదువు, మంచి ఉద్యోగం, అర్థం చేసుకునే భర్తో భార్యో దొరకడం... ఇవి కారణాలు. చిన్నప్పుడు పడ్డ దెబ్బతో కథ అయిపోయినట్టు కాదు.

చేతిలో ఏదో ఒక పని ఉండటం కూడా పెద్ద బలమే. 1990 మే నెలలో మళ్లీ కృష్ణా తీరానికి అంత పెద్ద తుపానే వచ్చింది. ఈసారి ముందుగా ఆరు లక్షల మందికి పైగా జనాన్ని సురక్షితమైన చోట్లకి తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. అది చిన్న సంఖ్య అనడానికి నోరు రాదు, కానీ 1977తో పోల్చి చూడండి. హెచ్చరిక వింటే ఎటు వెళ్లాలో తెలిసిన మనిషికీ, ఏం చేయాలో తోచక నిలబడిపోయిన మనిషికీ భయం ఒకేలా ఉండదు. తుపాను వార్త రాగానే పిన్నిగారు సంచీలో పాసుపుస్తకాలు, టార్చిలైటు, మందులు సర్దుకుంటారు. మూడో అంతస్తులో ఇదేం పని అని ఇంట్లో అందరూ నవ్వుతారు. నేనైతే నవ్వను. సర్దుకున్నాక ఆవిడకి నిద్రపడుతుంది మరి.

వైద్యం ఎలా ఉంటుంది?

భయపు జ్ఞాపకం రబ్బరుతో తుడిచినట్టు పోదు. వైద్యంలో జరిగేదేమిటంటే, పాత పాఠం పక్కనే కొత్త పాఠం రాస్తారు. 'ఈ వాసన వచ్చింది, అయినా ఏమీ కాలేదు' అన్నది మెదడు మళ్లీ మళ్లీ నేర్చుకోవాలి. అలా నేర్చుకున్నప్పుడు నుదుటి వెనకున్న పెద్దదిక్కు బాదంగింజని ఊరుకోబెట్టగలుగుతుంది. భయపడి తప్పుకు తిరిగినన్నాళ్లూ ఆ కొత్త పాఠానికి అవకాశమే ఉండదు. అందుకే తప్పించుకోవడం ఆ పూటకి హాయిగా ఉన్నా జబ్బుని పెంచుతుంది.

అమెరికాలో ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు అభివృద్ధి చేసిన పద్ధతిలో, నమ్మకం కుదిరిన డాక్టరు ముందు కూర్చుని, తను తట్టుకోగలిగినంత మేరకే ఆ సంగతి చెప్పుకుంటారు. దాన్ని రికార్డు చేసి ఇంటిదగ్గర మళ్లీ వింటారు. ఎనిమిది నుంచి పదిహేను సార్లు కూర్చోవలసి ఉంటుంది. పరామర్శలో చెప్పడానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఇక్కడ తొందరలేదు, ఆపమంటే ఆపుతారు, మళ్లీ కలుపుతారు. పిన్నిగారు అరవయ్యో ఏట ఇందుకు ఒప్పుకున్నారు, అదీ మనవరాలు తోడొస్తానన్నాకనే. నాలుగోసారి వెళ్లొచ్చాక మొదటిసారి ఆ రాత్రిని మొదటినుంచి చివరిదాకా చెప్పారు. తమ్ముడి చెయ్యి తను వదల్లేదనీ, చొక్కా చిరిగిందనీ అప్పుడు తెలిసింది మా అందరికీ. 'నేనే వదిలేశాననుకుంటూ బతికానే ఇన్నాళ్లూ' అన్నారు. పూర్తిగా తగ్గిందా అంటే లేదు. పౌడరు చల్లిన రోజు కిటికీ మూస్తారు, మూసి వంటింట్లోకి వచ్చి కూర తరుగుతారు.

ఉన్నట్టుండి దడ మొదలైతే అప్పటికప్పుడు చేసుకోగలిగినవి కొన్నున్నాయి. పాదాలు నేలకి గట్టిగా ఆనించడం, ఊపిరి తీసుకున్నదానికంటే వదలడం నెమ్మదిగా చేయడం, ఎదురుగా కనపడే వస్తువుల పేర్లు పైకి చెప్పుకోవడం. గుమాస్తాకి 'ఇది ఇప్పుడు, ఇది ఇక్కడ' అని గుర్తుచేయడమన్నమాట. అంతకుమించి అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి. ఎర్రగడ్డ పేరెత్తగానే మొహమొహాలు చూసుకునే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు గానీ, మొదటి అడుగు ఫోనులోనే వేయచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడచ్చు.

ఓర్చుకోవడం వేరు

ఉప్పెన వచ్చింది, పోయింది. రోజూ సాయంత్రం ఏడింటికి తాళంచెవి తలుపులో తిరగగానే గుండె జారిపోయే ఆడవాళ్ల సంగతేమిటి? వాళ్లకి జరిగింది గతం కాదు, అది రేపు కూడా జరుగుతుంది. అక్కడ బాదంగింజ కొట్టే గంట తప్పుడు గంట కాదు, నిజం గంటే. అలాంటి ఇంట్లో ఉన్న మనిషికి ప్రాణాయామం నేర్పి, తట్టుకునే శక్తి పెంచుకోమని చెప్పడం నాకు అన్యాయంగా కనపడుతుంది. యుద్ధంనుంచి వచ్చిన సైనికుల్నీ, ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లనీ పక్కపక్కన పెట్టి 1992లో పుస్తకం రాసిన అమెరికన్ సైకియాట్రిస్టు జూడిత్ హెర్మన్, కోలుకోవడంలో మొదటి మెట్టు భద్రత అన్నారు. చెప్పుకోవడం, ఏడవడం, మళ్లీ మనుషుల్లో కలవడం, అన్నీ దాని తర్వాతే. ముందు దెబ్బలు ఆగాలి.

మనకి 2005లో వచ్చిన గృహహింస చట్టం ఉంది. దెబ్బలు ఆపమని కోర్టుచేత రక్షణ ఉత్తర్వు ఇప్పించుకోవచ్చు. ఇల్లు అతని పేరు మీదే ఉన్నా, ఆ ఇంట్లోనే ఉండే హక్కు అడగచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫిర్యాదు ఆమే ఇవ్వాలని లేదు. గోడ అవతల ఏం జరుగుతోందో తెలిసిన పక్కింటివాళ్లెవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసేమీ ఉండదని ఆ చట్టంలోనే రాసి ఉంది.